పళ్ళు లేని చోట మా పేటెంట్: నా అనుభవం

పార్శిళ్ళు వేరు చేసే ట్రేని గేర్లతో వంచితే దానికి పేటెంట్ వస్తుందా అని ఈ మధ్య నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. అందరూ మాలాగే చిన్న షెడ్లలో యంత్రాలు చేసుకునేవాళ్ళే. నేను వాళ్ళని తిరిగి ఒకటే అడిగాను: మీ గేరు ట్రేని వంచడానికి ఉందా, వంగకుండా ఆపడానికి ఉందా? ఈ ప్రశ్న దగ్గరికి రావడానికి మాకు రెండేళ్ళు పైనే పట్టింది. ఆ రెండేళ్ళలో ఏం జరిగిందో ఒకచోట రాసిపెడితే ఇంకొకరికి కొంత శ్రమ తగ్గుతుందని రాస్తున్నాను.

మా షెడ్డు హైదరాబాద్ బాలానగర్‌లో. నాన్న నలభై ఏళ్ళ కిందట టర్నర్‌గా ఇక్కడికి వచ్చి, తర్వాత సొంతంగా రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషీన్ పెట్టుకున్నారు. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, కొన్నాళ్ళు బయట డిజైన్ పని చేసి, మళ్ళీ షెడ్డుకే వచ్చేశాను. కన్వేయర్లకి రోలర్లు, షాఫ్ట్‌లు, బ్రాకెట్లు చేసిస్తాం. ఆన్‌లైన్ ఆర్డర్లు పెరిగాక ఊరి చుట్టూ గోడౌన్లు లేచాయి. అలాంటి ఒక గోడౌన్ యజమాని 2021 చివర్లో మా దగ్గరికి వచ్చి, తక్కువ ఖర్చులో చిన్న టిల్ట్ ట్రే సార్టర్ చేసిపెట్టగలరా అని అడిగారు.

టిల్ట్ ట్రే సార్టర్ చూడనివాళ్ళ కోసం చెబుతాను. రైలు బోగీల్లా ఒకదాని వెనక ఒకటి గొలుసు కట్టిన చిన్న బళ్ళు ఒక పట్టా మీద గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. ఒక్కో బండి మీద ఒక ట్రే. ట్రేలో పార్శిల్ పడ్డాక అది స్కానర్ కిందుగా వెళ్తుంది. బార్‌కోడ్ చదవగానే ఆ పార్శిల్ ఏ సంచిలో పడాలో కంప్యూటర్‌కి తెలుస్తుంది. పట్టా పక్కన జారుడుబల్లలు వరసగా ఉంటాయి, వాటిని షూట్‌లు అంటాం. సరైన షూట్ ఎదురుకి రాగానే ట్రే పక్కకి వంగి పార్శిల్‌ని జార్చేస్తుంది, మళ్ళీ లేచి సమంగా నిలబడుతుంది. పాత యంత్రాల్లో పట్టా పక్కన బిగించిన క్యామ్ ఒకటి ట్రే కింద ఉన్న రోలర్‌ని తన్ని వంచేది. ఆ తన్నుడికి పెద్ద చప్పుడు, అరుగుదల. తర్వాత తర్వాత ఒక్కో బండికీ ఒక చిన్న మోటారు పెట్టి వంచడం వచ్చింది.

మేమూ మోటారే పెట్టాం. ట్రే కింద అర్ధచంద్రంలా ఒక గేరు ముక్క, దాని కింద మోటారు షాఫ్ట్ మీద ఇరవై పళ్ళ పినియన్, అంటే చిన్న గేరు. మాడ్యూల్, అంటే పంటి సైజు, 2. పినియన్ నాలుగు డిగ్రీలు తిరిగితే ట్రే ఒక డిగ్రీ వంగుతుంది. ఖాళీ ట్రేతో ముచ్చటగా పనిచేసింది. పది కిలోల బియ్యం సంచి తెచ్చి, ట్రే నడిమికి పదిహేను సెంటీమీటర్లు పక్కగా పెట్టాం. మోటారుకి కరెంటు ఆపగానే ట్రే తనంతట తానే ఒరిగిపోయింది. లెక్క వేస్తే ట్రే షాఫ్ట్ మీద దాదాపు 15 న్యూటన్ మీటర్ల మెలి పడుతోంది. పార్శిల్ ఎక్కేటప్పుడు సరిగ్గా మధ్యలో పడాలని ఎవరికీ చెప్పలేం కదా. ట్రేని సమంగా నిలబెట్టడానికి మోటారుకి ఎప్పుడూ కరెంటు ఇస్తూ ఉంటే గంటలో చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది.

మరలా ఉండే వర్మ్ గేరు పెడితే ఈ బాధ ఉండదని మా పనివాళ్ళందరికీ తెలుసు. బరువు లాగినా అది మామూలుగా వెనక్కి తిరగదు. కానీ మేము పెట్టిన వర్మ్‌తో వంగడం మరీ నెమ్మదైపోయింది. బండి సెకనుకి మీటరున్నర వేగంతో పోతుంటే, మీటరు వెడల్పు షూట్ ముందు అది ఉండేది సెకనులో మూడింట రెండు వంతులు. అంతలో వంగాలి, పార్శిల్ జారాలి. సగం పార్శిళ్ళు పక్క షూట్ గోడకి తగిలేవి.

ఒక సాయంత్రం నాన్న చాలాసేపు ఆ గేరు వైపే చూస్తూ కూర్చుని, "సినిమా మిషన్‌లో ఫిల్మ్ ఎట్లా ఆగేదో తెలుసా అమ్మాయ్?" అన్నారు. నాన్న కుర్రతనంలో గుంటూరు జిల్లాలో ఒక టూరింగ్ టాకీస్‌లో ప్రొజెక్టర్ ఆపరేటర్ దగ్గర చేతికింద పనిచేశారు. ఫిల్మ్ సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు నడవాలి, కానీ ప్రతి బొమ్మా తెర మీద కాసేపు కదలకుండా ఆగాలి. దానికోసం ప్రొజెక్టర్‌లో నక్షత్రంలాంటి చక్రం ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పే చక్రానికి ఒక పిన్ను, దాని పక్కనే ఒక నున్నటి గుండ్రం. పిన్ను గాడిలో ఉన్నంతసేపే నక్షత్రం తిరుగుతుంది. పిన్ను బయటికి రాగానే ఆ నున్నటి గుండ్రం నక్షత్రం ఒంపులో కూర్చుంటుంది. అప్పుడు తిప్పే చక్రం తిరుగుతూనే ఉన్నా నక్షత్రం మాత్రం మేకు కొట్టినట్టు నిలబడిపోతుంది. "మన పినియన్‌కి కొన్ని పళ్ళు తీసేసి నున్నగా చేద్దాం. పైగేరు మధ్యలో దానికి సరిపడా ఒంపు చేద్దాం. ట్రే సమంగా ఉన్నప్పుడు నున్నటి చోటు ఒంపులో కూర్చుంటుంది. ఇక సంచి ఎటు పెట్టినా ఒరగదు," అన్నారు.

అప్పుడే పాత కరెంటు బిల్లు వెనక పెన్సిల్‌తో బొమ్మ గీసి చూపించారు. ఆ కాగితం తర్వాత మమ్మల్ని ఎలా కాపాడిందో ముందుకెళ్ళాక చెబుతాను.

నాలుగు రోజుల్లో వైర్ కట్‌లో, అంటే కరెంటు తీగతో లోహం కోసే మెషీన్‌లో, కోయించి బిగించాం. పినియన్ మీద 80 డిగ్రీల మేర పళ్ళు లేవు, నున్నటి వంపు మాత్రమే. బియ్యం సంచి పెట్టి కరెంటు తీసేశాం. ట్రే చివర డయల్ గేజ్ పెట్టి చూస్తే కదలిక మిల్లీమీటరు లోపే. నేను అనుకోని లాభం ఇంకొకటి వచ్చింది. మోటారు ఆగినప్పుడల్లా ఒకేచోట ఆగదు, ఎనిమిది డిగ్రీలు అటో ఇటో పోతుంది. మామూలు గేర్లతో అయితే ఆ తేడా ట్రే మీద రెండు డిగ్రీలు అవుతుంది. అరవై సెంటీమీటర్ల ట్రేకి అంటే ఒక అంచు సెంటీమీటరు లేస్తుంది. నున్నటి వంపు వచ్చాక పినియన్ ఆ మేరలో ఎక్కడ ఆగినా ట్రే మాత్రం సమంగానే ఉంది. మోటారు ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడర్ అక్కర్లేదు. పైగా వంచేటప్పుడు మోటారు మొదట ఏ బరువూ లేకుండా తిరిగి వేగం అందుకుని, ఆ తర్వాతే పళ్ళు పట్టుకుంటాయి.

పేటెంట్ ఆలోచన నాదే. నాన్నకి మొదట నచ్చలేదు, డబ్బు దండగ అన్నారు. నేను రాత్రుళ్ళు కూర్చుని గూగుల్ పేటెంట్స్‌లో, ఎస్పాసెనెట్‌లో, మన పేటెంట్ ఆఫీసు వాళ్ళ ఇన్‌పాస్‌లో వెతకడం మొదలుపెట్టాను. మొదటి వారమంతా మాటలతో వెతికి నీరసపడ్డాను. ఒకరు వంచే ట్రే అంటారు, ఇంకొకరు ఒరిగే వేదిక అంటారు, వేరొకరు సరుకు మోసే అవయవం అంటారు. పేటెంట్లకి వర్గీకరణ సంఖ్యలు ఉంటాయని, కన్వేయర్ మీద వంగే వేదికలకి బి65జి 47/96 అని తెలిశాక అసలు పత్రాలు దొరికాయి. దొరకడం మొదలయ్యాక గుండె జారింది. ట్రే కింద గేరు ఉంది. గేరుకి మోటారు ఉంది. వర్మ్ ఉంది, రాక్ ఉంది, పళ్ళ బెల్టు ఉంది. నేను పుట్టకముందే దాఖలు చేసినవి ఉన్నాయి. "గేరుతో వంగే ట్రే" అనే మాటకి ప్రపంచంలో ఇక ఎవరికీ పేటెంట్ రాదని నాకు అప్పుడే అర్థమై ఉండాలి. అర్థం కాలేదు. మా గేరు వేరు కదా అనుకున్నాను.

తెలిసినవాళ్ళ ద్వారా ఒక పేటెంట్ ఏజెంట్ గారిని కలిశాం. ఆవిడ మా బొమ్మలన్నీ చూసి, ముందు మిర్జాపూర్ కేసు గురించి చెప్పారు. ఉత్తరప్రదేశ్‌లోని మిర్జాపూర్‌లో ఇత్తడి గిన్నెలు చేసే ఒక సంస్థ, లేత్ మీద గిన్నెని పట్టి ఉంచే పద్ధతికి పేటెంట్ తీసుకుంది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1978లో కోర్టు ఆ పేటెంట్ చెల్లదంది. ఉన్న పరికరాన్నే కాస్త మెరుగుపరచడం షెడ్డులో పనివాడు మామూలుగా చేసే పనే, పేటెంట్ కావాలంటే అంతకు మించి కనిపెట్టినది ఉండాలి అని చెప్పింది. వర్క్‌షాప్ ఇంప్రూవ్‌మెంట్ అనే మాట ఆ తీర్పులో ఉంది. లేత్ అనగానే నాన్న కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "అయితే మేం రోజూ చేసేదంతా అదేనా మేడం?" అని అడిగారు. ఆవిడ కాదనలేదు. "మీరు రోజూ చేసేదాంట్లోంచి ఇంకో టర్నర్‌కి తట్టనిది ఏదో అది చెప్పండి" అన్నారు.

చట్టంలో ఉన్నది కూడా అదే. 1970 పేటెంట్ల చట్టం మూడు అడుగుతుంది: కొత్తది కావాలి, పరిశ్రమలో పనికొచ్చేది కావాలి, ఆ పని తెలిసినవాడికి చూడగానే తట్టేది కాకూడదు. దీనికి తోడు మూడో సెక్షన్‌లో ఎఫ్ అనే క్లాజు ఒకటి ఉంది. యంత్రాలు చేసేవాళ్ళు దాన్ని గోడ మీద రాసిపెట్టుకోవాలి. తెలిసిన పరికరాల్ని పక్కపక్కన పెట్టి, ఒక్కోటీ దాని పని అది తెలిసిన పద్ధతిలోనే విడిగా చేసుకుంటూ పోతుంటే దాన్ని ఆవిష్కరణ అనరు. తెలిసిన ట్రే, తెలిసిన గేరు, తెలిసిన మోటారు. మా యంత్రం మొదటి చూపులో అచ్చం అలాగే ఉంటుంది.

కనిపెట్టినవారి పేరు దగ్గర చిన్న గొడవ అయింది. నాన్న "నా పేరెందుకు, చదువుకున్నదానివి నువ్వు, నీదొక్కటే పెట్టు" అని పట్టుబట్టారు. ఏజెంట్ గారు గట్టిగానే చెప్పారు. ఇది గౌరవానికి రాసే పేరు కాదు, ఆలోచన ఎవరిదో వాళ్ళ పేరే రాయాలి, తప్పు రాస్తే రేపు పేటెంటుకే ముప్పు అని. వంపు ఆలోచన నాన్నది. మోటారు ఎక్కడ ఆగినా పర్వాలేదన్న లెక్క, ట్రే రెండు వైపులా వంగేలా పళ్ళ అమరిక నావి. ఇద్దరి పేర్లూ రాశాం, దరఖాస్తు కూడా ఇద్దరి పేరు మీదే వేశాం. తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి. అన్నీ ఆన్‌లైన్‌లోనే కాబట్టి అక్కడికి వెళ్ళే పని పడలేదు.

2022 జూన్‌లో ప్రొవిజనల్ దాఖలు చేశాం. సొంత పేరు మీద వేసేవాళ్ళకి ఫీజు 1600 రూపాయలు. ప్రొవిజనల్ అంటే మన ఆలోచనకి ఒక తేదీ వేయించుకోవడం. పన్నెండు నెలల్లో పూర్తి వివరణ ఇవ్వాలి. తొందరలో నేను రాసిన నాలుగు పేజీల్లో ఎక్కువ భాగం ట్రే, బండి, మోటారు గురించే ఉంది. నున్నటి వంపు గురించి రెండంటే రెండు వాక్యాలు. దాఖలు చేసే రోజు ఏజెంట్ గారు అడిగారు, "ఇంకేమైనా బొమ్మలు ఉన్నాయా? చేత్తో గీసినవైనా పర్వాలేదు." కరెంటు బిల్లు వెనక నాన్న గీసిన బొమ్మని తెల్ల కాగితం మీద దిద్ది నాలుగో బొమ్మగా చేర్చాం.

ఆర్నెల్లకి గోడౌన్‌లో ట్రయల్ పెట్టాం. మూడో రోజు పినియన్ మొదటి పన్ను చివర చిట్లింది. నున్నటి చోటు అయిపోయి పళ్ళు మొదలయ్యే దగ్గర దెబ్బంతా ఆ ఒక్క పన్ను మీదే పడుతోంది. నాన్న ఆ పన్నుని ఆకురాయితో కొంచెం పొట్టి చేసి, అంచు వాలు తీశారు. ఆ తర్వాత చిట్లలేదు. ఈ హడావిడిలో కవర్లన్నీ విప్పి ఉన్నాయి. ఆ వారమే అక్కడ పనిచేసే కుర్రాడు ఒకడు మా యంత్రం తిరుగుతుండగా స్లో మోషన్‌లో వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. వాడికి తెలియదు పాపం, బాగుందని పెట్టాడు. మాకు తెలిసేసరికి నాలుగు రోజులు. గేరు స్పష్టంగా కనిపిస్తోంది, వంపు కనిపిస్తోంది.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. దరఖాస్తుకి ముందు ప్రపంచంలో ఎక్కడైనా బయటపడితే కొత్తదనం పోతుందని అప్పటికి నాకు బాగా తెలుసు. చట్టంలో ట్రయల్స్‌కి, ప్రభుత్వం గుర్తించిన ఎగ్జిబిషన్లకి కొన్ని మినహాయింపులు ఉన్నాయి కానీ వాటి మీద ఆధారపడటం ఎవరికీ మంచిది కాదు. పొద్దున్నే ఫోన్ చేస్తే ఏజెంట్ గారు అడిగిన మొదటి మాట, "ప్రొవిజనల్‌లో వంపు ఉందా లేదా?" ఉంది. రెండు వాక్యాలు, ఒక బొమ్మ. బొమ్మలో నున్నటి చోటు, ఒంపు, రెండు పక్కలా పళ్ళు అన్నీ ఉన్నాయి. క్లెయిమ్ అంటే ఇది మాది అని హక్కు అడిగే వాక్యం. ప్రొవిజనల్‌లో ఆధారం ఉన్న క్లెయిమ్‌కి ప్రొవిజనల్ తేదీయే వర్తిస్తుంది, కాబట్టి వీడియో దాని తర్వాతదే అవుతుంది. పొట్టి పన్ను మాత్రం ప్రొవిజనల్‌లో లేదు, దానికి పూర్తి వివరణ ఇచ్చిన తేదీయే. వీడియోని ఒక్కో ఫ్రేమూ ఆపి చూశాం. ఆ పన్ను బండి చట్రం వెనక ఉండిపోయి ఎక్కడా కనిపించలేదు. వీడియో తీయించేశాం కానీ, ఒకసారి బయటికి వచ్చింది వచ్చినట్టే. నాన్న బొమ్మ చేర్చకుండా ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. అందుకే ఎవరు అడిగినా చెబుతున్నాను, ప్రొవిజనల్ అంటే తేలిగ్గా తీసుకోకండి. ఆరోజుకి మీ దగ్గరున్న ప్రతి బొమ్మా, ప్రతి కొలతా, పనికిరాదనుకున్న ప్రయోగం కూడా అందులో పెట్టండి.

2023 మేలో పూర్తి వివరణ ఇచ్చాం. డ్రాయింగులు నేనే కంప్యూటర్‌లో గీశాను. ఏ4 కాగితం, పైన, ఎడమ పక్క నాలుగు సెంటీమీటర్లు, కింద, కుడి పక్క మూడు సెంటీమీటర్లు ఖాళీ వదలాలి. బొమ్మ మీద కొలతలు వేయకూడదని రూలు. నాన్నకి అది అసలు మింగుడు పడలేదు. జీవితమంతా కొలత లేని డ్రాయింగ్ వస్తే వెనక్కి పంపిన మనిషి. కొలతకి కాదు, ఆలోచనకి హక్కు ఇస్తున్నారని, మాడ్యూల్ మార్చి చేసినా అది మనదే కావాలి కదా అని వివరించాక శాంతించారు. కొలతలు, ప్రయోగం ఫలితాలు వివరణలో రాశాం.

క్లెయిమ్‌లు పది. పది దాటితే ఒక్కోదానికీ 320 రూపాయలు అదనం. మామూలుగా అయితే ప్రచురణకే పద్దెనిమిది నెలలు, ఆపైన పరీక్షకి ఎదురుచూపులు. అయితే 2019లో రూల్స్ మార్చి, సొంత పేర్ల మీద వేసేవాళ్ళలో ఒక్క మహిళ ఉన్నా త్వరిత పరీక్ష అడిగే వీలు ఇచ్చారు. దానికి ఫారం 18ఎ, మాకు 8000 రూపాయలు. తొందరగా ప్రచురించమని ఫారం 9, 2500 రూపాయలు. ప్రభుత్వ ఫీజు అంతా కలిపి 12,100. ఏజెంట్ ఫీజు అంతకి మించే అయింది, కానీ ఆవిడ లేకుండా నేను చేయగలిగేదాన్ని కాదు. విదేశీ దరఖాస్తుల జోలికి పోలేదు, అంత స్తోమత లేదు.

ఐదు నెలలకి ఎఫ్‌ఈఆర్, అంటే మొదటి పరీక్ష నివేదిక వచ్చింది. మెయిల్ తెరిచి మొదటి పేజీ చదివేసరికి చేతులు చల్లబడ్డాయి. పరీక్షకులు మూడు పాత పత్రాలు చూపించారు. ఒకదాంట్లో క్యామ్‌తో వంగే ట్రే. రెండోదాంట్లో ఒక్కో బండికీ మోటారు, ట్రే కింద అర్ధచంద్రం గేరు, పినియన్. మా మొదటి క్లెయిమ్ అక్షరాలా అందులో ఉంది. మూడోది ప్యాకింగ్ మెషీన్‌లో పళ్ళు కొన్ని తీసేసిన గేరు, దానికి తాళం వేసే వంపు. మొదటి క్లెయిమ్‌కి కొత్తదనం లేదు. నాలుగో క్లెయిమ్‌లోని వంపు, రెండు మూడు పత్రాలు కలిపి చదివితే ఎవరికైనా తట్టేదే. మొత్తం మీద మూడో సెక్షన్ ఎఫ్ క్లాజు కూడా అడ్డు.

నేను ఏడ్చాను. నాన్న నివేదిక ప్రింటు తీయించుకుని, తనకి ఇంగ్లీషు అంతగా రాదు కాబట్టి బొమ్మలు మాత్రం చూస్తూ రెండు రోజులు కూర్చున్నారు. మూడో రోజు ఆ ప్యాకింగ్ మెషీన్ బొమ్మ తెచ్చి నా ముందు పెట్టి, "ఇది ఒక వైపే తిరుగుతుంది చూడు," అన్నారు. "ఇందులో వంపు గేరుని ఆపడానికి ఉంది. మోటారు ఆగదు, తిరుగుతూనే ఉంటుంది. మనది అట్లా కాదు. మనకి ఆగేది మోటారు. అది సరిగ్గా ఆగకపోయినా ట్రే సరిగ్గా ఉండాలి."

జవాబంతా ఆ మాట మీదే కట్టాం. జవాబుకి ఆరు నెలల గడువు ఉంటుంది, మేం మూడు నెలలు తీసుకున్నాం. మొదట మొదటి క్లెయిమ్‌ని వదులుకోవాలని ఏజెంట్ గారు అన్నప్పుడు నాకు మనసు ఒప్పలేదు. గేరుతో వంగే ట్రే మొత్తం మాది అనుకున్నది, ఒక వంపుకి కుదించుకోవాలంటే ఇల్లు ఇచ్చేసి గది తీసుకున్నట్టు అనిపించింది. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. వెడల్పాటి క్లెయిమ్ ఎలాగో వచ్చినా, రేపు ఎవరైనా ఆ రెండో పత్రం చూపించి రద్దు చేయించగలరు. ఉన్న ఒక్క గదికీ గట్టి తాళం ఉండటం మేలు. దరఖాస్తు వేశాక క్లెయిమ్‌ని కుదించవచ్చు కానీ వివరణలో లేనిది కొత్తగా చేర్చడానికి చట్టం ఒప్పుకోదు. మోటారు ఎనిమిది డిగ్రీలు తప్పినా ట్రే కదలదన్న ప్రయోగం ముందే రాసి ఉండటం వల్లే దాన్ని వాడుకోగలిగాం.

2024 ఏప్రిల్‌లో హియరింగ్, వీడియో కాన్ఫరెన్స్‌లో. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, అల్యూమినియంతో చేసిన నమూనా ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చున్నారు. పేటెంట్ ఇవ్వాలా వద్దా తేల్చే అధికారి కంట్రోలర్ గారు మర్యాదగానే కానీ సూటిగా అడిగారు. తాళం వేసే వంపు గడియారాల్లో, ప్రొజెక్టర్లలో ఎప్పటినుంచో ఉంది కదా, దాన్ని తెచ్చి ట్రే కింద పెట్టడంలో ఏముంది? ఏజెంట్ గారు మూడు సంగతులు చెప్పారు. రెండో పత్రం ట్రే సమంగా నిలవడానికి ఎన్‌కోడర్‌ని, మోటారు పట్టుని నమ్ముకుంది. దాన్ని చదివినవాడు ఇంకా మంచి ఎన్‌కోడర్ పెడతాడు కానీ పళ్ళు తీసేయడు. మూడో పత్రంలో వంపు ఒక దిశలో ఆగి ఆగి తిప్పడానికి. మా దాంట్లో నున్నటి భాగానికి రెండు కొసల నుంచీ పళ్ళు మొదలవుతాయి, ఒకే పినియన్ కుడికీ ఎడమకీ వంచుతుంది. ఎఫ్ క్లాజు విషయానికొస్తే, ఇక్కడ ఏ భాగమూ విడిగా పనిచేయడం లేదు. తాళం, వేగం అందుకునే విరామం, వంచే పళ్ళు, మూడూ ఒకే చక్రం మీద ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉన్నాయి. వంపు తీసేస్తే ట్రే నిలవదు, మోటారు ఆగే తప్పు నేరుగా ట్రేకి పోతుంది.

కంట్రోలర్ గారు "మోటారు ఎక్కడ ఆగినా అంటే ఎంత మేర?" అని అడిగారు. ఏజెంట్ గారు పేజీ వెతుకుతుండగానే నాన్న నమూనా కెమెరాకి ఎత్తి చూపించారు. పినియన్‌ని వేలితో అటూ ఇటూ తిప్పారు. ట్రే కదల్లేదు. ఇంకొంచెం తిప్పారు. పన్ను అందుకుని ట్రే వంగింది. మళ్ళీ వెనక్కి తిప్పితే లేచి కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు. అవతల కొన్ని క్షణాలు నిశ్శబ్దం. తర్వాత "ఆ మేరని క్లెయిమ్‌లో స్పష్టంగా రాయండి" అన్నారు కంట్రోలర్ గారు. పదిహేను రోజుల్లో రాతపూర్వక జవాబు, సవరించిన క్లెయిమ్‌లు ఇచ్చాం.

సవరించిన మొదటి క్లెయిమ్ రెండు భాగాలుగా ఉంది. మొదటి భాగం తెలిసిన విషయం: బండి, ట్రే, మోటారు, గేర్లు. నేను రెండేళ్ళు నాదనుకున్నదంతా ఆ భాగంలోకి పోయింది. "విశేషమేమంటే" అన్న మాట తర్వాత వచ్చే రెండో భాగంలో మాది ఉంది. పొట్టి పన్ను రెండో క్లెయిమ్ అయింది.

జులైలో పేటెంట్ ఇచ్చినట్టు మెయిల్ వచ్చింది. ప్రొవిజనల్ వేసిన తేదీ నుంచి ఇరవై ఏళ్ళు. మూడో ఏడాది రెన్యువల్ 800 రూపాయలు మూడు నెలల్లో కట్టాలి, ఆ రోజే కట్టేశాను.

సాయంత్రం మెషీన్లు ఆపాక నాన్న చేతులు కడుక్కుని వచ్చి, "ఆ మొదటిది తెలుగులో చదువు" అన్నారు. నేను సర్టిఫికెట్‌తో పాటు క్లెయిమ్‌లు తెరిచి నెమ్మదిగా చెప్పుకుంటూ పోయాను. పినియన్ చుట్టుకొలతలో కొంత భాగం పళ్ళు లేకుండా నున్నగా ఉండి, ట్రే సమంగా ఉన్నప్పుడు ఆ నున్నటి భాగం పైగేరు ఒంపుకి ఆనుకుని... అక్కడ నాన్న చెయ్యెత్తి ఆపారు.

"ఆనుకుని కాదమ్మా," అన్నారు. "కూర్చుని. ఒంపులో కూర్చుని."

సరిదిద్ది మళ్ళీ మొదటినుంచీ చదివాను.